‘అణు శాస్త్రం’ కాదండీ, నేను చదివింది అతివాహకాల గురించి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన నెల మీ పత్రిక నల్లగొండ జిల్లా పేజీలో నా ఫొటో వేశారు. ‘అణు శాస్త్రంలో డాక్టరేట్ సాధించిన పల్లె బిడ్డ’ అని హెడ్డింగ్. పది పన్నెండు లైన్ల వార్త. అందులో సగం నాకు శాలువా కప్పినవాళ్ల పేర్లే, తర్వాత మా నాయిన రెండెకరాల రైతు, మా అమ్మ నాట్లకు పోతుంది అని ఒక మాట, చివర్లో నేను ‘న్యూట్రాన్లతో అణుశక్తిపై పరిశోధన’ చేశానని ఇంకో మాట. మా ఇంట్లో అందరూ మురిసిపోయారు, నాయిన ఆ ముక్క కత్తిరించి లామినేషన్ చేయించి గోడకు పెట్టాడు. మీకు నిజంగా కృతజ్ఞతలు. కానీ ఆ చివరి మాట తప్పు, హెడ్డింగ్ కూడా తప్పు. మా ఊళ్లో ఆ తప్పు చిన్నది కాదు.

మాది దేవరకొండ వైపు, సాగర్ వెనక జలాలకు దగ్గర్లో ఉన్న పల్లె. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వుతామన్నప్పుడు ఈ ప్రాంతం ఎట్లా లేచిందో మీ పత్రిక పాత సంచికల్లోనే ఉంటుంది. 2003లో ప్రజాభిప్రాయ సేకరణ రోజుల్లో నాకు ఆరేళ్లు, నాయిన భుజం మీద కూర్చుని జనాన్ని చూడటం కొంచెం కొంచెం గుర్తుంది. తర్వాత 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ అన్నప్పుడు అమ్రాబాద్ నుంచి హైదరాబాద్ దాకా గొడవ అయింది, ఆ సెప్టెంబరులో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. ఇట్లాంటి చోట ‘అణు’ అనే మాట వార్తలో పడితే జనం ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. మీ వార్త వచ్చిన రెండో రోజు పొద్దున్నే, ఆ రోజుల్లో ముందుండి తిరిగిన పెద్దాయన ఒకరు మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, నన్ను ఒకటే అడిగాడు: “ఏం బిడ్డా, గీ సదువంతా మల్ల మన గట్లళ్ల యురేనియం తీయనీకెనా?” నాయిన ఏమీ అనలేదు, తల దించుకున్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఆరేళ్లు చేసిన పని ఏమిటో మా ఊరికి ఒక్క ముక్క తెలియదు, తెలిసిన ముక్క తప్పు.

అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, మీరు కత్తిరించుకున్నా నాకు బాధ లేదు గానీ విషయం మాత్రం మారనివ్వకండి.

ఆ పెద్దాయనకు నేను మోటారుతో మొదలుపెట్టి చెప్పాను, ఇక్కడా అట్లనే చెప్తాను. మా దగ్గర బోరు మోటారు కాలిపోవడం తెలియని ఇల్లు లేదు. లో వోల్టేజీ వచ్చిందంటే మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, రాగి తీగ వేడెక్కుతుంది, వైండింగ్ కాలిపోతుంది, వేల రూపాయలు పోయినట్టే. తీగ ఎందుకు వేడెక్కుతుంది? కరెంటు అంటే ఎలక్ట్రాన్ల పరుగు. ఆ పరుగుకు లోహం లోపల అడ్డు తగులుతూ ఉంటుంది, ఆ అడ్డునే నిరోధం అంటాం. ఎంత మంచి రాగి అయినా ఈ అడ్డు ఉంటుంది. అయితే 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్‌లింగ్ ఓన్స్ అనే శాస్త్రవేత్త పాదరసాన్ని ద్రవ హీలియంతో బాగా చల్లబరిచి చూస్తే, 4.2 కెల్విన్ దగ్గర, అంటే దాదాపు మైనస్ 269 డిగ్రీల దగ్గర, ఆ నిరోధం ఒక్కసారిగా మాయమైంది. తగ్గడం కాదు, పూర్తిగా పోయింది. అదే అతివాహకత. ఇంటర్ తెలుగు మీడియంలో ఈ మాట పుస్తకంలో చూసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. వేడెక్కని తీగ ఉంటుందా అని మా లెక్చరర్‌ను మూడు రోజులు వెంటపడి అడిగాను.

అతివాహకాలు ఎక్కడో ఆకాశంలో ఉన్నవి కావు. హైదరాబాద్‌లో ఎంఆర్ఐ తీయించుకున్న ప్రతి మనిషీ దాదాపుగా అతివాహక తీగ చుట్ట మధ్యలో పడుకుని వచ్చినట్టే. నయోబియం, టైటానియం కలిపిన తీగ, ద్రవ హీలియంలో చల్లబరిచి ఉంచుతారు.

అడ్డు ఎందుకు పోతుందో తెలియడానికి 46 ఏళ్లు పట్టింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పారు, 1972లో నోబెల్ వచ్చింది. వాళ్లు చెప్పింది, ఎలక్ట్రాన్లు జంటలు కడతాయని. రెండూ రుణావేశాలే కదా, ఒకదాన్ని ఒకటి తోసేసుకోవాలి కదా, జంట ఎట్లా కడతాయి అంటారా? నులక మంచం మీద ఒకరు కూర్చుంటే అక్కడ గుంట పడుతుంది, పక్కన ఉన్నవాళ్లు అటే జారుతారు. ఎలక్ట్రాన్ పోతూ పోతూ చుట్టూ ఉన్న పరమాణువులను కొంచెం తన వైపు లాగుతుంది, ఆ గుంట కోసం ఇంకో ఎలక్ట్రాన్ వస్తుంది. జంటలన్నీ కలిసి ఒకే నడకలో నడుస్తాయి, చిన్న చిన్న అడ్డులు వాటిని విడదీయలేవు. పాదరసం, సీసం, నయోబియం అన్నీ ఈ లెక్కకు సరిపోయాయి.

తర్వాత సరిపోనివి వచ్చాయి. 1979లో జర్మనీలో ఫ్రాంక్ స్టెగ్లిష్ బృందం సీరియం, రాగి, సిలికాన్ ఉన్న ఒక పదార్థంలో అతివాహకత చూసింది. అయస్కాంత గుణం ఉన్న పరమాణువులు అతివాహకతను చెడగొడతాయని అప్పటిదాకా అందరి నమ్మకం, ఈ పదార్థం నిండా అవే. 1986లో జ్యూరిక్‌లో బెడ్‌నార్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్ పింగాణీలాంటి దాంట్లో 30 కెల్విన్లకు పైన చూశారు, మరుసటి ఏడాదే వాళ్లకు నోబెల్ ఇచ్చారు. అదే 1987లో ఇట్రియం కలిపిన రాగి ఆక్సైడ్ 90 కెల్విన్లు దాటింది, అంటే హీలియం అక్కర్లేదు, ద్రవ నైట్రోజన్ చాలు. 2008లో జపాన్‌లో హొసోనో బృందం ఇనుము ఉన్న పదార్థంలో 26 కెల్విన్ల దగ్గర చూపించింది. ఇనుము! అయస్కాంతం అంటేనే మనకు ఇనుము గుర్తొస్తుంది. వీటిని సంప్రదాయేతర అతివాహకాలు అంటారు. వీటిలోనూ జంటలు ఉన్నాయి, అది ప్రయోగాల్లో తేలింది. కానీ జంటను కట్టే జిగురు ఏమిటి? నులక మంచం గుంట ఒక్కటే వీటికి సరిపోవడం లేదు. పరమాణువుల్లో ఉన్న చిన్న చిన్న అయస్కాంతాల కదలికే ఆ జిగురు అని చాలామంది అనుకుంటున్నారు. అయితే రాగి ఆక్సైడ్లు వచ్చి నలభై ఏళ్లవుతున్నా అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం ఇంకా లేదు. నా ఆరేళ్లు ఈ ప్రశ్న అంచున గడిచాయి.

ఇందులోకి న్యూట్రాన్ ఎందుకు వచ్చింది? మీ విలేకరి తమ్ముడు ఫోన్‌లో ఇది అడిగి ఉంటే బాగుండేది. పదార్థం లోపల పరమాణువులు, వాటి చిన్న అయస్కాంతాలు ఎట్లా కదులుతున్నాయో చూడాలి. దేంతో చూస్తాం? న్యూట్రాన్‌కు ఆవేశం లేదు, అందుకని ఎలక్ట్రాన్లు దాన్ని ఆపవు, లోపలి దాకా పోతుంది. పైగా అదే ఒక చిన్న అయస్కాంతం, కాబట్టి లోపల ఉన్న అయస్కాంతాలను గుర్తు పడుతుంది. ఇంకో అదృష్టం కూడా ఉంది, నాకు ఇది ఎప్పుడు చెప్పినా ఆనందమే. న్యూట్రాన్లను మామూలు గది వేడికి తెచ్చి నెమ్మదింపజేస్తే సెకనుకు 2,200 మీటర్ల వేగం దగ్గరకు వస్తాయి. అప్పుడు వాటి తరంగదైర్ఘ్యం పరమాణువుల మధ్య దూరమంత, వాటి శక్తి పరమాణువుల కదలిక శక్తి అంత ఉంటుంది. రెండూ ఒకేసారి సరిపోవడం ఎక్స్‌రేలకు లేదు. గోళీలాట ఆడినవాళ్లకు మిగతాది తేలిక. వేగంగా వదిలిన గోళీ తగిలి నెమ్మదిగా బయటికి వచ్చిందంటే, పోయిన వేగం లోపల దేన్నో కదిలించింది. ఎంత వేగం పోయింది, ఏ దిక్కుకు తిరిగింది కొలిస్తే లోపల కదిలింది ఏమిటో లెక్క తేలుతుంది. దీన్నే న్యూట్రాన్ పరిక్షేపణం అంటారు. కెనడాలో బ్రాక్‌హౌస్, అమెరికాలో షల్ ఈ పద్ధతికి దారి వేశారు, 1994లో నోబెల్ అందుకున్నారు. బ్రాక్‌హౌస్ దగ్గర పనిచేసి వచ్చిన పి.కె. అయ్యంగార్, ముంబైలోని ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో, మన దేశంలో ఈ పని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యులు.

ఇక యురేనియం సంగతి, దాచకుండా చెప్తాను. న్యూట్రాన్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి రియాక్టర్. ట్రాంబేలో 1985 నుంచి ఉన్న ధ్రువ రియాక్టర్‌లో ఇంధనం సహజ యురేనియమే, నేను అక్కడ కొన్ని కొలతలు చేశాను. రియాక్టర్లు ఎందుకు, వాటికి ఇంధనం ఎక్కడినుంచి, ఎవరి భూమి కింద నుంచి అన్న చర్చ వేరే ఉంది. అది జరగాల్సిందే. మా ఊరి పెద్దలు ఆనాడు నీళ్ల గురించి అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ న్యాయంగానే అనిపిస్తుంది. సాగర్ నీళ్లు మేమే కాదు, హైదరాబాద్ కూడా తాగుతుంది. రెండో దారికి యురేనియం అవసరమే లేదు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఉన్న ఐసిస్ కేంద్రంలో ప్రోటాన్లను బాగా వేగంగా తిప్పి తెచ్చి టంగ్‌స్టన్ దిమ్మె మీద కొడతారు, ఆ దెబ్బకు న్యూట్రాన్లు రాలిపడతాయి. ప్రోటాన్లు ఆపితే న్యూట్రాన్లు ఆగిపోతాయి. నా థీసిస్‌లో ముఖ్యమైన భాగం అక్కడే జరిగింది. అణుశక్తి పుట్టించడం గానీ, ఆయుధం గానీ నా పనిలో ఏ పేజీలోనూ లేదు. న్యూట్రాన్ నాకు టార్చిలైటు మాత్రమే.

ఆ టార్చి వెలుతురు చాలా తక్కువ, ఇబ్బంది అంతా అక్కడే. ఎక్స్‌రేలకు ఆవగింజంత స్ఫటికం చాలు, మాకు గ్రాముల్లో కావాలి. నా అతివాహకం ఇనుము, టెల్లూరియం, సెలీనియం కలిసింది. ఆ మూడూ తూకం వేసి, క్వార్ట్జ్ గొట్టంలో గాలి తీసి సీలు వేసి, దాన్ని ఇంకో గొట్టంలో పెట్టి మళ్లీ సీలు వేస్తాం. చల్లారేటప్పుడు లోపలి గొట్టం పగులుతుంది కాబట్టి రెండోది తప్పదు. వెయ్యి డిగ్రీల దాకా వేడి చేసి రోజుల తరబడి మెల్లగా చల్లార్చాలి. మా ల్యాబ్‌లో ఒకసారి ఎనిమిదో రోజు రాత్రి కరెంటు పోయి, బ్యాకప్ పనిచేయక, మొత్తం గడ్డ కట్టుకుపోయింది. బాగా వచ్చినప్పుడు మాత్రం గొట్టం పగలగొడితే అభ్రకంలా పొరలు పొరలుగా విడిపోయే, అద్దంలా మెరిసే ముక్కలు. అట్లా ఏడాదిన్నర పోగేస్తే ఎనిమిది గ్రాములు. వాటన్నింటినీ ఒకే దిక్కుకు చూసేలా అల్యూమినియం పలక మీద వరుసగా పేర్చాలి. అల్యూమినియం ఎందుకంటే న్యూట్రాన్లు దాన్ని దాదాపు పట్టించుకోకుండా దాటిపోతాయి.

మొదటిసారి ముంబైలో నేను ఆ ముక్కల్ని మామూలు జిగురుతో అంటించాను. జిగురులో హైడ్రోజన్ ఉంటుంది, హైడ్రోజన్ న్యూట్రాన్లను అన్ని వైపులకూ చెదరగొడుతుంది, ఆ గోలలో నాకు కావాల్సిన సన్నని సంకేతం మునిగిపోయింది. రెండు రోజుల బీమ్ టైమ్, అంటే న్యూట్రాన్లు వాడుకోవడానికి నాకు ఇచ్చిన సమయం, పోయింది. ఎవరూ తిట్టలేదు, అక్కడి సీనియర్ ఒకాయన టీ తాగిస్తూ “ఇది పుస్తకంలో రాయరమ్మా” అన్నారు. తర్వాత హైడ్రోజన్ లేని ఫ్లోరిన్ జిగురు వాడాను. ఇట్లాంటివి తెలిసినవాళ్లు మన రాష్ట్రంలో తక్కువ, తెలుగులో రాసి పెట్టినవాళ్లు నాకు కనిపించలేదు.

ఐసిస్‌లో సమయం కావాలంటే ప్రపోజల్ రాయాలి, ప్రపంచంలో అందరితో పోటీ. మొదటిది తిరస్కరించారు. రెండోదానికి ఐదు రోజులు ఇచ్చారు. ఆ నెలల్లోనే ఫెలోషిప్ కూడా ఆగిపోయి, అప్పు చేసి టికెట్ కొన్నాను, ఆ కథ ఇప్పుడు వద్దు.

ఆ ఐదు రోజులు రాత్రీ పగలూ కొలతే. నా పదార్థం 14 కెల్విన్ల దగ్గర, అంటే మైనస్ 259 డిగ్రీల దగ్గర అతివాహకం అవుతుంది. ముందు 20 కెల్విన్ల దగ్గర, అంటే ఇంకా మామూలు లోహంగా ఉన్నప్పుడు గంటల తరబడి లెక్కపెట్టాం. తర్వాత 5 కెల్విన్లకు దింపి మళ్లీ అదే. రెండింటికీ తేడా తీసి గ్రాఫు గీస్తే, 6.5 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర (ఇది శక్తిని కొలిచే చిన్న కొలత) ఒక చిన్న గుట్ట లేవాలి. దాన్ని రెజొనెన్స్ అంటారు. 1991లో ఫ్రాన్స్‌లో రొసా-మిన్యో బృందం రాగి ఆక్సైడ్‌లో 41 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర మొదట చూసింది ఇట్లాంటి గుట్టనే. నేను వాడిన ఇనుము పదార్థంలో కూడా 2009లోనే వేరేవాళ్లు కొలిచారు. కాబట్టి గుట్ట నేను కనిపెట్టింది కాదు. నేను చూసింది, స్ఫటికంలో ఇనుము అవసరానికంటే కొంచెం ఎక్కువైతే ఆ గుట్టకు ఏమవుతుందని. మూడో రాత్రి తెల్లవారుజామున స్క్రీన్ మీద చుక్కలు ఒక్కొక్కటే పేరుకుంటూ గుట్టగా లేస్తుంటే నేను ఒక్కదాన్నే కూర్చుని ఉన్నాను. పరమాణువుల లోపలి అయస్కాంతాలు, కరెంటుకు అడ్డు పోయిన క్షణంలోనే, తమ నడక మార్చుకున్నాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందని నా కళ్ల ముందే కనిపిస్తోంది. ఎక్కువ ఇనుము ఉన్న స్ఫటికంలో మాత్రం గుట్ట వాడిపోయింది, అతివాహకత కూడా దాంతోపాటే బలహీనపడింది. ఆ అయస్కాంతాలే జిగురు అని ఇది నిరూపిస్తుందా? లేదు. అటువైపు వేలు చూపిస్తుంది, అంతే. వైవాలో, అంటే డాక్టరేట్ మౌఖిక పరీక్షలో కూడా ఇదే చెప్పాను.

మా అమ్మ అడిగిన ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. “నీ ఒంట్లకు ఏం కాలేదు గద బిడ్డా?” న్యూట్రాన్లు తగిలిన నమూనా కొంచెం రేడియోధార్మికత పట్టుకుంటుంది. నిజమే. అందుకే ప్రయోగం అయ్యాక దాన్ని అక్కడే ఉంచి, మీటరుతో పరీక్షించి, తగ్గిందని తేలాకే బయటికి ఇస్తారు. మా మెడలో బ్యాడ్జీ ఉంటుంది, ఎంత తగిలిందో అందులో నమోదవుతుంది. నాకు ఏమీ కాలేదు.

ఇంకో భయం కూడా ఉంది నాకు, ఇది ఎదురువైపు నుంచి. 2023లో కొరియా నుంచి ఎల్‌కే-99 అని ఒక వార్త వచ్చింది, గది వేడిలోనే అతివాహకం దొరికిందని. మా ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా తిరిగింది. చాలా దేశాల్లో చేసి చూశారు, మన ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్లూ చేసి చూశారు, కాదని తేలింది. కాదని తేలిన వార్త గ్రూపులోకి రాలేదు. కాబట్టి నా పని గురించి కూడా ‘ఇక కరెంటు ఫ్రీ’ అని రాయొద్దని మనవి. పెద్దాయన చివర్లో అడిగింది అదే, “మరి మన మోటార్లు కాలకుంట ఎప్పుడైతది?” నా స్ఫటికం వల్ల కాదు తాతా అన్నాను. జిగురు ఏమిటో తెలిస్తే, ఏ పదార్థం వెతకాలో తెలుస్తుంది, అప్పుడు ఎవరో ఒకరు చేస్తారు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “ఎవుసం లెక్కనే ఉన్నది, ఇత్తనం ఏసినోడే కోస్తడని లేదు” అన్నాడు.

మన జిల్లా పేరుతో ప్రపంచమంతా తెలిసిన సైన్స్ ఒకటి ఉంది, ‘నల్లగొండ టెక్నిక్’. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి. ఇథియోపియా, టాంజానియాలలో కూడా ఆ పేరుతోనే వాడారు. మన బడి పిల్లల్లో ఎంతమందికి అది తెలుసు? మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన మనుషుల ఫొటోలు మీ పత్రికలో ఎన్నోసార్లు చూశాను. ఆ పద్ధతి ఎట్లా పనిచేస్తుందో చెప్పే బొమ్మ మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఇది ఫిర్యాదే, కానీ మీ మీద గౌరవంతో చేసే ఫిర్యాదు.

నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉన్నాయి, హైదరాబాద్‌లో చదివే మన పిల్లలు ఉన్నారు. డాక్టరేట్ వార్త వేసేటప్పుడు విలేకరులు రెండు ప్రశ్నలు అడిగితే చాలు: నువ్వు ఏం తెలుసుకున్నావు, ఇంకా తెలియనిది ఏమిటి. శాలువాల పేర్లు రెండు తగ్గినా పర్వాలేదు. మీ విలేకరికి అర్థం కాకపోతే నాలాంటివాళ్లకు ఫోన్ చేయమనండి, రాత్రి పదకొండింటికైనా చెప్తాం. దేవరకొండ, హాలియా, అచ్చంపేట వైపు ఏ సర్కారు బడి పిలిచినా నేను సొంత ఖర్చుతో వచ్చి తెలుగులోనే చెప్తాను, నా దగ్గర మిగిలిన స్ఫటికం ముక్కలు రెండు ఉన్నాయి, పిల్లలు చేతిలో పట్టుకుని చూడొచ్చు. అవి న్యూట్రాన్ల దగ్గరికి వెళ్లనివి, కంగారు అక్కర్లేదు.

సవరణ ఇట్లా వేయండి: ‘ఆమె పరిశోధన అణుశక్తి మీద కాదు. ఇనుము ఉన్న అతివాహకాల్లో అయస్కాంత కదలికలను న్యూట్రాన్ పరిక్షేపణంతో పరిశీలించారు.’ రెండు వాక్యాలే. ఫొటో అక్కర్లేదు. ఎన్నో పేజీలో వేసినా ఫర్వాలేదు, నాయిన గోడ మీద పాత కటింగ్ పక్కన దానికి చోటు ఇప్పటికే వదిలి పెట్టాడు.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా